చుట్టాలకి తిరుపతి చూపించాలా? నాలుగు రోజులు పెట్టుకోండి, అందులో కొండకి ఒక్కటే

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్లకి చుట్టాల కొరత ఉండదు. ఫోన్ ఎత్తగానే "బాగున్నారా" కంటే ముందు "దర్శనం టికెట్లు ఏమన్నా దొరుకుతాయా" అని అడుగుతారు, టికెట్ దొరికితే రాత్రి రైలు దిగి, పొద్దున కొండెక్కి, సాయంత్రానికి గుండు, లడ్డు, నిద్రమొహంతో తిరుగు రైలెక్కుతారు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. వాళ్లు చూసింది క్యూ కాంప్లెక్సు, స్వామిని నాలుగు క్షణాలు. మా ఊరు మాత్రం చూడలేదు. అందుకే ఇప్పుడు ఎవరు వస్తామన్నా "నాలుగు రోజులు ఉంటేనే రండి" అని మొహం మీదే చెప్పేస్తున్నా. మీరు తిరుపతిలో ఉండి చుట్టాలని తిప్పాల్సి వచ్చినా, బయటి ఊరి నుంచి ఓ పదిమందిని వెంటేసుకుని వస్తున్నా, నేను తిప్పే పద్ధతి ఇది.

ముందుగా వరస కుదుర్చుకోవాలి. మూడు విషయాలు మన చేతిలో ఉండవు. ఒకటి, కొండ మీద దర్శనం ఏ రోజు దొరుకుతుందో ఆ రోజే, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి. మూడొందల రూపాయల టికెట్ అయితే నెలల ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి. అది లేకపోతే ఉచిత దర్శనం టోకెన్లు రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణునివాసంలో, బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసంలో, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్‌లో ఇస్తారు. వేళలు, కోటా మారుతుంటాయి కాబట్టి ముందురోజే ఒకసారి కనుక్కోండి, అందరి ఆధార్ కార్డులూ అసలువే పెట్టుకోండి, ఫోన్లో ఫొటో ఉంది కదా అంటే కుదరదు. రెండు, చంద్రగిరి కోటలో మ్యూజియానికి శుక్రవారం సెలవు. మూడోది అన్నిటికంటే పెద్దది, శ్రీకాళహస్తి ఎప్పుడూ చివర్లోనే.

ఈ మూడోది నేను అనుభవం మీద నేర్చుకున్నా. ఒకసారి మా పెద్దమ్మ వాళ్లు రేణిగుంటలో దిగారు, కాళహస్తి దగ్గరే కదా, పనిలో పనిగా అదీ చూపించేద్దామని తెలివిగా మొదటిరోజే తీసుకెళ్లా. రాహుకేతు పూజ అయింది, బయటికొచ్చాం, "పద పెద్దమ్మా, తిరుచానూరు వెళ్దాం" అన్నా. ఆమె నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూసింది. కాళహస్తిలో దోషం వదిలించుకున్నాక ఇంకో గుడి మెట్లెక్కకూడదు, నేరుగా ఇంటికి పోవాలి, అది కూడా తెలీదా నీకు, ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి ఏం లాభం అని కారంతా అదే పాట. నమ్మకం ఉన్నా లేకపోయినా గుంపులో ఒక్కరైనా ఈ మాట అనేవాళ్లుంటారు. ఆ ట్రిప్పులో మరుసటిరోజు కొండకి మా పెద్దమ్మ రాలేదు. టికెట్ వృథా, నాకు ఇంట్లో తిట్లు.

బండి సంగతి. ఐదుగురు దాటితే కారు కంటే టెంపో ట్రావెలర్ నయం. మాట్లాడుకునేటప్పుడు కిలోమీటర్ల లెక్కా, రోజు లెక్కా, వెయిటింగ్ చార్జీ ఉందా, డ్రైవర్ బత్తా ఎవరిది, ఇవన్నీ ముందే తేల్చుకోండి, తర్వాత గుడి ముందు నిలబడి వాదించుకోవడం బాగోదు. నెలల్లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయి, వైకుంఠ ఏకాదశి రోజులు మాత్రం తప్పించండి. మే నెలలో పిల్లలకి సెలవులని వస్తారు, రాతి ప్రాకారంలో చెప్పుల్లేకుండా మధ్యాహ్నం పూట నడిచి చూడండి, ఎందుకు వద్దంటున్నానో అరికాళ్లే చెబుతాయి. ఆ నెలలో రావడానికి ఒక్క మంచి కారణం ఉంది, గంగజాతర. దాని గురించి తర్వాత.

ఇంకొక్కటి, ఇది నిజంగా పనికొచ్చే మాట. కథ ఏదైనా గుడి లోపలికి వెళ్లకముందే చెప్పేయండి. లోపల తోపులాట, గంటలు, "జరగండి జరగండి", ఎవరికీ ఏమీ వినపడదు. బయట ఏదో మండపం నీడలో కూర్చోబెట్టి, ఒక్కో చోటికి ఒక్క కథే, పది నిమిషాలు మించకుండా. స్థలపురాణం అంతా చెప్పాలని చూస్తే పిల్లలు ఫోన్లు తీస్తారు, బావగార్లు టీ కోసం వెతుకుతారు.

మొదటిరోజు ఊరు. అవును, కొండ కాదు, ఊరు. రైల్వేస్టేషన్ పక్కనే గోవిందరాజస్వామి గుడి, అక్కడ మొదలుపెట్టండి, ఎందుకంటే తిరుపతి పట్నం పెరిగిందే ఈ గుడి చుట్టూ. 1130లో రామానుజాచార్యులు ఇక్కడ గోవిందరాజులని ప్రతిష్ఠించారని చెబుతారు. ఆ వెనకాల కథ చాలామందికి తెలీదు. చిదంబరంలో నటరాజుతో పాటు గోవిందరాజులూ ఉన్నాడు, శైవుడైన చోళరాజు ఒకడు ఆ విగ్రహాన్ని సముద్రంలో వేయించాడని, ఉత్సవమూర్తిని భక్తులు దాచి ఇక్కడికి తెచ్చారని వైష్ణవుల పరంపరలో చెప్పుకుంటారు. అంటే మన ఊరు పుట్టుకలోనే ఒక మతం గొడవ, దాన్నుంచి పారిపోయి వచ్చిన దేవుడూ ఉన్నారన్నమాట. ఈ కథ చెప్పి, తర్వాత కపిలతీర్థం తీసుకెళ్లి శివుణ్ణి చూపిస్తే అప్పుడు ఊరు అర్థమవుతుంది.

లోపల స్వామి శయనమూర్తి, తల కింద కుంచం. తమ్ముడి పెళ్లికి కుబేరుడిచ్చిన అప్పు తీర్చడానికి వచ్చిన డబ్బు కొలిచి కొలిచి అలసిపోయి, ఆ కుంచమే తలకింద పెట్టుకుని పడుకున్నాడని మా అవ్వ చెప్పేది. అప్పుల్లో ఉన్న బంధువులకి ఈ దేవుడు భలే నచ్చుతాడు. పార్థసారథి గుడి కూడా ఆ ప్రాకారంలోనే ఉంది, దాన్ని దాటేసి పోకండి. బయటికొచ్చాక మట్లి అనంతరాజు కట్టించిన ఏడంతస్తుల గోపురాన్ని కాస్త దూరం నుంచి చూపించండి, కింద నిలబడి మెడలు విరుచుకుంటే ఏమీ కనపడదు. చుట్టూ ఉన్న వీధుల్లో ఇత్తడి సామాన్లు, పసుపు కుంకుమలు, గాజులు, చెక్కబొమ్మలు. ఆడవాళ్లని ఇక్కడ గంటసేపు వదిలేస్తారా, లేదా చివరిరోజు తెస్తానని ఒట్టేస్తారా మీ ఇష్టం, మధ్యలో ఆపడం మాత్రం కుదరదు.

గుళ్లలో నైవేద్యానికి, సేవలకి మధ్యమధ్యలో దర్శనం ఆపుతారు కాబట్టి గోవిందరాజులు పొద్దున ఏడుకల్లా అయిపోతే మంచిది. అక్కడినుంచి కపిలతీర్థం. కొండ కింద, జలపాతం పక్కనే శివాలయం. కపిలేశ్వరస్వామి గుడి కట్టలోనే నమ్మాళ్వార్ సన్నిధి కూడా ఉంది, వైష్ణవులు ఈ గుండాన్ని ఆళ్వార్ తీర్థం అంటారు. ఒకే నీళ్లు, రెండు పేర్లు. శైవులకి కపిలముని కోసం పాతాళం నుంచి పైకొచ్చిన లింగం, వైష్ణవులకి ఆళ్వారు. జలపాతంలో నీళ్లు చూడాలంటే అక్టోబర్ నుంచి డిసెంబర్, మన చిత్తూరు వైపు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే కాబట్టి. అయితే వాన బాగా పడుతున్న రోజు స్నానం మాట ఎత్తకండి, 2021 నవంబర్‌లో కొండ మీంచి నీళ్లు ఏ ధాటిగా వచ్చాయో ఊళ్లో అందరం చూశాం.

మధ్యాహ్నం భోజనం, నిద్ర. నిజంగా నిద్రపొమ్మని చెప్పండి, రేపు కొండ. సాయంత్రం తిరుచానూరు, అయిదు కిలోమీటర్లు, షేర్ ఆటోలు దండిగా దొరుకుతాయి. అమ్మవారిని ముందు చూడాలా స్వామిని ముందు చూడాలా అని గుంపులో ఎవరో ఒకరు వాదన మొదలుపెడతారు, మీరు అందులో తలదూర్చకండి. పద్మసరోవరం మెట్ల మీద కూర్చుంటే చల్లగాలి. కార్తీక బ్రహ్మోత్సవాల చివర్లో పంచమీతీర్థం రోజు అయితే ఆ ఊరి దరిదాపులకి కూడా వెళ్లొద్దు, లక్షల మంది ఒకే కోనేట్లో మునగాలని వస్తారు. మునగాలనుకునేవాళ్ల సంగతి వేరు.

తిరిగొచ్చేటప్పుడు తాతయ్యగుంట గంగమ్మ. బయటివాళ్లెవరూ చూడరు, ఊరివాళ్లకి మాత్రం ఈమే ఇంటి మనిషి, వెంకన్నకి చెల్లెలు, జాతరకి కొండ మీంచి సారె వస్తుంది. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు ఒకడు గంగమ్మ మీద కూడా కన్నేసి, ఆమె నిజరూపం చూసి పారిపోయి దాక్కుంటే, వాణ్ణి బయటికి రప్పించడానికి ఆమె రోజుకో వేషం వేసి ఊరంతా వెతికి, చివరికి దొర వేషంలో చంపిందని కథ. అందుకే మే నెలలో చాటింపు వేసినప్పటి నుంచి మగవాళ్లు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వేసుకుని తిరుగుతారు. మీసాలున్న మగాళ్లు చీరకట్టి, జడేసి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. కొన్ని వేషాల్లో వాళ్లు బూతులు తిడతారు, అది ఆచారం, ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. ఈ ముక్క మాత్రం అతిథులకి ముందే చెప్పి పెట్టండి. మా మేనల్లుడి భార్యది హైదరాబాదు, చెప్పడం మర్చిపోయాం, ఆ అమ్మాయి ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది.

రెండోరోజు కొండ, దీని గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు కాబట్టి తొందరగా చెప్పేస్తా. నడిచి వెళ్లాలంటే అలిపిరి దారి, 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, మామూలు మనిషికి నాలుగు గంటలు. లగేజీ కిందే ఇస్తే పైకి వాళ్లే చేరుస్తారు. శ్రీవారి మెట్టు చిన్నది, 2,388 మెట్లు, కానీ నిటారు, మోకాళ్లు చెప్పినట్టు వినాలి. చిన్నపిల్లలుంటే తెల్లారేక బయలుదేరి మధ్యాహ్నంలోపు ఎక్కేయండి, చిరుతల భయంతో పిల్లల మీద ఆంక్షలున్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోకండి. అలిపిరి దారిలో చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర కథకి మంచి చోటు. కొండంతా ఆదిశేషుడు, కాళ్లతో తొక్కకూడదని రామానుజులు మోకాళ్ల మీద ఎక్కారని ఒకటి. చిన్నప్పుడు అన్నమయ్య చెప్పులేసుకుని ఎక్కలేక సొమ్మసిల్లితే అలమేలుమంగ వచ్చి చెప్పులు విప్పమని చెప్పిందని ఇంకొకటి. ఒక్కో చోటికి ఒక్క కథే అన్నాను కానీ ఇక్కడ రెండూ చెప్పొచ్చు, జనానికి కాసేపు కూర్చోవాలని ఉంటుంది.

పైన వరాహస్వామిని ముందు చూసి తర్వాత వెంకన్న దగ్గరికి వెళ్లడం పద్ధతి. మగవాళ్లకి పంచె, ఆడవాళ్లకి చీరో, చుడీదార్ మీద చున్నీనో ఉండాలి. ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు, అందుకని దర్శనం అయ్యాక అందరూ ఎక్కడ కలవాలో ముందే చెప్పండి, పుష్కరిణి ఆర్చి దగ్గరో ఎక్కడో ఒకచోట, లేకపోతే ఒక పూట అంతా ఒకర్నొకరు వెతుక్కోవడంతోనే పోతుంది. స్వామిని తృప్తిగా చూడలేదని బాధపడేవాళ్లకి బయటికి రాగానే గర్భగుడి పైనున్న గోపురం, అంటే విమానం మీద వెండి చట్రంలో ఉన్న విమాన వెంకటేశ్వరస్వామిని చూపించండి, అక్కడ ఎవరూ తొయ్యరు. మధ్యాహ్నం తరిగొండ వెంగమాంబ పేరున్న అన్నదాన సత్రంలో భోజనం. ఆమె మన చిత్తూరు పక్క తరిగొండ ఊరి మనిషి, వితంతువుగా ఊళ్లో మాటలు పడి కొండకొచ్చిన కవయిత్రి. ఇప్పుడు రోజూ అంతమంది ఆమె పేరు మీద కడుపునిండా తింటున్నారు.

హథీరాంజీ మఠం కూడా చూపించండి, కథ చెప్పండి. ఉత్తరాది నుంచి వచ్చిన బైరాగి స్వామితో పాచికలాడేవాడట. అబద్ధమని గదిలో చెరకు గడలు నింపి, తెల్లారేలోపు తినమని తాళం వేస్తే, ఏనుగు వచ్చి తినేసిందట, హిందీలో హాథీ అంటే ఏనుగు, అందుకే హాథీరాం. కథ ఎలా ఉన్నా 1843 నుంచి 1933 దాకా కొండ గుడి పెత్తనం ఈ మఠం మహంతులదే, దేవస్థానం బోర్డు వచ్చింది ఆ తర్వాతే. తమిళం మాట్లాడే వైష్ణవులు, తెలుగువాళ్లు, హిందీ బైరాగులు, అందరూ ఇక్కడ తమ వాటా ఉందని అనుకున్నవాళ్లే.

ఇంకో సంగతి. మీతో వచ్చినవాళ్లలో వేరే మతం వాళ్లుంటే కొండ మీద దర్శనానికి స్వామి మీద నమ్మకం ఉందని రాసి డిక్లరేషన్ ఇవ్వాలి, ముందే చెప్పి, వాళ్ల ఇష్టం వాళ్లకి వదిలేయండి. కడప నుంచి వచ్చిన నా ఆఫీసు స్నేహితుడు ముస్లిం, లోపలికి రానన్నాడు, బయట కూర్చుని తనే నాకు కథ చెప్పాడు. వెంకన్న బీబీ నాంచారిని పెళ్లాడాడు కాబట్టి మావాళ్లకి ఆయన అల్లుడు, ఉగాదికి దేవుని కడప గుడికి మా ముస్లింలు పోయి టెంకాయ కొడతారు అని. పుట్టినప్పటి నుంచి ఈ కొండ కింద ఉన్నవాణ్ణి, నాకు అప్పటిదాకా అది తెలీదు.

మూడోరోజు కాళ్లు నొప్పులు. పది దాకా ఎవరినీ లేపకండి. తర్వాత చంద్రగిరి వైపు. తొండవాడ దగ్గర స్వర్ణముఖి ఒడ్డున అగస్త్యేశ్వరుడి గుడి, శ్రీనివాస మంగాపురంలో కల్యాణ వెంకటేశ్వరుడు. నారాయణవనంలో పెళ్లయ్యాక కొత్త జంట ఆరు నెలలు ఈ పక్కనే అగస్త్యుడి ఆశ్రమంలో ఉన్నారని కథ, అందుకే పెళ్లి కుదరనివాళ్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు ఇక్కడికి వస్తారు. కొండ మీద ఎంత తోపులాటో ఇక్కడ అంత ప్రశాంతం, విగ్రహం కూడా పెద్దది, తీరిగ్గా చూడొచ్చు. మా అత్తగారైతే కొండ మానేసి ఇక్కడికే వస్తానంటారు.

చంద్రగిరి కోటలో రాజమహల్, రాణీమహల్. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక విజయనగర రాజులు పెనుకొండకి, ఆ తర్వాత ఇటు వచ్చి తలదాచుకున్నారు. రాజమహల్ మూడంతస్తులు చెక్క వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. 1639లో మద్రాసులో కోట కట్టుకోవడానికి ఇంగ్లీషు కంపెనీకి చోటు దొరికింది ఈ చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే. చెన్నై నుంచి వచ్చిన చుట్టాలకి ఇది చెప్పి "మీ ఊరు మేమిచ్చిందే" అనండి, బాగా మండుతుంది వాళ్లకి. లోపల కంచు విగ్రహాలు చూడ్డానికి గంట చాలు. రాత్రికి రాగిసంకటి, చెనక్కాయల ఊరిబిండి, తినేవాళ్లకి నాటుకోడి పులుసు. కొండ మొక్కు అయిపోయింది కాబట్టి అభ్యంతరం ఉండదు, కాళహస్తి ఉందని రేపటిదాకా ఆగేవాళ్లుంటే వాళ్లకి పప్పు చేయించండి.

నాలుగోరోజు నాకు అన్నిటికంటే ఇష్టమైంది. సామాన్లన్నీ బండిలో వేసేయండి, తిరిగి తిరుపతికి రావడం లేదు. పొద్దున్నే రేణిగుంట మీదుగా ఏర్పేడు వైపు వెళ్లి గుడిమల్లం. చిన్న పల్లెటూరు, పొలాల మధ్య పరశురామేశ్వరుడి గుడి, బయటినుంచి చూస్తే "ఇంతదూరం దీనికా" అంటారు. గర్భగుడి నేలమట్టం కంటే కిందికి ఉంటుంది, వంగి చూడాలి. అయిదడుగుల లింగం, దాని మీద నిలబడి ఉన్న శివుడు, ఒక చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో చెంబు, భుజాన గండ్రగొడ్డలి, కాళ్ల కింద యక్షుడు. జంధ్యం లేదు. అచ్చం వేటగాడిలా ఉంటాడు. క్రీస్తుపూర్వం రెండు, ఒకటో శతాబ్దాల నాటిదని చాలామంది పండితులు అంటారు, అంటే రెండు వేల ఏళ్ల పైమాటే, మన దేశంలో ఇప్పటికీ పూజ జరిగే శివలింగాల్లో ఇంత పాతవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. విమానం వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, చుట్టూ తిరిగి చూపించండి. అరవై ఏళ్లకోసారి కింది నుంచి నీళ్లొచ్చి లింగాన్ని ముంచుతాయని ఊరివాళ్లు చెబుతారు. పూజారి ఖాళీగా ఉంటే ఆయన్నే చెప్పనివ్వండి, మీకంటే బాగా చెబుతాడు. పక్కనే పాపానాయుడుపేట, గాజు పూసలకి పేరున్న ఊరు, టైముంటే ఒకసారి ఆగండి.

గుడిమల్లం వేటగాడు శివుణ్ణి చూసి, అక్కణ్ణుంచి కాళహస్తికి వెళ్తే కన్నప్ప కథ చెప్పక్కర్లేకుండానే మనసుకెక్కుతుంది. పుక్కిట నీళ్లతో అభిషేకం చేసి, మాంసం పెట్టి, కన్ను పీకి ఇచ్చిన బోయవాడు ఆయన, కన్నప్ప గుట్ట గుడి వెనకే ఉంది. సాలెపురుగు, పాము, ఏనుగు మోక్షం పొందిన చోటు, శ్రీ, కాళ, హస్తి అని ఊరి పేరే ఆ మూడూ. లోపల వాయులింగం, గాలి చొరబడని గర్భగుడిలో దీపం ఒకటి రెపరెపలాడుతుంటే చూడమనండి. గ్రహణం రోజు గుళ్లన్నీ మూస్తారు, ఇది తెరిచే ఉంటుంది. రాహుకేతు పూజ చేయించుకునేవాళ్లు రాహుకాలమే కావాలంటే మూడింతల జనంతో కూర్చోవాలి. పాతాళ వినాయకుడి దగ్గర మెట్లు ఇరుకు, లావుగా ఉన్నవాళ్లని, ఆయాసం ఉన్నవాళ్లని పైనే ఉంచండి. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మేలో కూలిపోయింది, ఇప్పుడున్నది 2017లో కొత్తగా కట్టింది. పాతది చూసినవాళ్లం ఆ ముందు నిలబడితే ఇప్పటికీ మాట రాదు.

మిగిలిన రెండు గంటలు కలంకారీకి. ఇక్కడ అచ్చు వెయ్యరు, వెదురు కలంతో చేత్తో గీస్తారు. గుడ్డని కరక్కాయ, పాలల్లో నానబెట్టడం, ఇనుము, బెల్లం ఊరబెట్టి నల్లరంగు తీయడం, రంగు రంగుకీ మళ్లీ ఉతకడం, ఒక చీరకి వారాలు పడుతుంది. అందుకే ఐదొందలకి "చేతి కలంకారీ" అన్నారంటే అది ప్రింటే. గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉండాలి, ఒకే పువ్వు రెండుచోట్ల కాస్త తేడాగా ఉండాలి. కొత్త గుడ్డ దగ్గరగా పెట్టుకుంటే ఆ పాల వాసన కూడా తెలుస్తుంది. దుకాణంలో కాకుండా గీసేవాళ్ల ఇంటికే వెళ్లి కొనగలిగితే పని కూడా చూడొచ్చు, బేరం గట్టిగా ఆడకండి.

అక్కణ్ణుంచి రేణిగుంట స్టేషన్, నేరుగా రైలు, ఇంకో గుడి ఏదీ దారిలో పడకుండా. లడ్డులు ప్లాస్టిక్ డబ్బాలో బిగించి పెట్టారేమో చూడండి, బూజు పడతాయి, గుడ్డసంచో కాగితమో చుట్టమనండి. రైలు కదిలేలోపు కిటికీలోంచి ఎవరో ఒకరు "వచ్చే ఏడాది మళ్లీ టికెట్లు చూడు" అంటారు. ఈసారి నేను "నాలుగు రోజులు" అని వేళ్లు చూపిస్తా.